పాచిక వేసే ముందే చెప్పాలి

(రేడియో ప్రసంగ పాఠం)



మన పిల్లలు చాలామంది ఇక్కడ స్కూలు లంచ్ క్లబ్బులోనో, స్నేహితుల ఇంట్లో డైనింగ్ టేబుల్ చుట్టూనో ఒక ఆట ఆడుతున్నారు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. పొట్టిగా డి అండ్ డి అంటారు. 2016లో మొదలైన స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్ చూశాక చాలా ఇళ్ళలోకి వచ్చింది. "మావాడు మూడు గంటలు కూర్చుని పాచికలు వేస్తున్నాడండీ, అదేమన్నా జూదమా?" అని ఒకావిడ నన్ను అడిగారు. పాచికలు అనగానే మనకి శకుని గుర్తుకొస్తాడు, ఆవిడ తప్పేం లేదు. కానీ ఇది జూదం కాదు. ఇందులో పందెం లేదు. పిల్లలు ఒకరి మీద ఒకరు ఆడరు, అందరూ ఒకే జట్టు.

నేను వారాంతాల్లో మా ఊళ్ళో ఆరుగురు తెలుగు పిల్లలకి ఈ ఆట నడుపుతుంటాను. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళు. ఇవాళ ఆట మొత్తం చెప్పబోవడం లేదు. అందులో పోట్లాట రూల్స్ గురించి మాత్రమే మాట్లాడతాను. ఎందుకంటే కథ నడుస్తున్నంతసేపూ పిల్లలు నవ్వుతూ ఉంటారు, కత్తి బయటికి రాగానే లాయర్లయిపోతారు. "అలా కుదరదు", "పుస్తకంలో అలా లేదు", "పోయినసారి వాడికి ఒప్పుకున్నారుగా" అని మొదలవుతుంది. ఆ రూల్స్‌ని ఎలా అర్థం చేసుకోవాలి, ఎప్పుడు మార్చుకోవచ్చు, ఎప్పుడు ముట్టుకోకూడదు అన్నదే ఇవాళ్టి విషయం. మీరు ఆట ఎప్పుడూ చూడకపోయినా పర్వాలేదు, పిల్లలున్న ఇంట్లో న్యాయం అన్నమాట రోజూ వినబడుతూనే ఉంటుంది కదా.

ముందు ఆట ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. ఒకరు కథ నడుపుతారు. ఇంగ్లీషులో డంజన్ మాస్టర్ అంటారు, నేను మన నాటకాల మాట తీసుకుని సూత్రధారి అంటాను. మిగిలినవాళ్ళు ఒక్కొక్క పాత్ర తీసుకుంటారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, ఇంకొకరు దొంగ. "ఎదురుగా వంతెన ఉంది, దాని కింద ఏదో కదులుతోంది, ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. పిల్లలు చెబుతారు. ఫలితం తేలని చోట పాచిక వేస్తారు.

కొట్లాటలో లెక్క ఇలా ఉంటుంది. ఎవరికైనా దెబ్బ తగలాలంటే ఇరవై ముఖాల పాచిక వేసి, తమ నేర్పు అంకె కలపాలి. అది ఎదుటివాడి కవచం అంకెకి సమానంగా గానీ ఎక్కువగా గానీ రావాలి. కవచం 15, నేర్పు 5 అనుకోండి, పాచిక మీద 10 గానీ అంతకు పైన గానీ పడాలి. అంటే నూటికి 55 సార్లు తగులుతుంది. తగిలితే ఇంకో పాచిక వేసి, ఎంత దెబ్బో లెక్కగట్టి, ఎదుటివాడి హిట్ పాయింట్లలోంచి తీసేస్తారు. సున్నాకి వస్తే పడిపోయినట్టు. అంతే. వినడానికి ఎంత తేలికో చూశారా? తగాదాలన్నీ ఇందులోంచే వస్తాయి.

మొట్టమొదటి తగాదా హిట్ పాయింట్ల మీదే. అసలవి ఏమిటి? రక్తమా, మాంసమా, ఊపిరా? ఓ పిల్లవాడు అడిగాడు: "అంకుల్, నాకు పన్నెండు ఉంటే పదకొండు పోయాయి. అయినా నేను మామూలుగానే పరిగెడుతున్నాను, అదెలా?" మంచి ప్రశ్న. ఈ ఆటని తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1979లో సూత్రధారుల కోసం రాసిన పుస్తకంలోనే దీనికి జవాబు ఇచ్చాడు. అవి ఒక్క శరీరబలమే కాదు, నేర్పూ అదృష్టమూ అన్నీ కలిపిన అంకె అన్నాడు. అంటే మొదటి పదకొండూ పోవడం అంటే పదకొండు గాయాలు కాదు. తప్పించుకుంటూ, కాచుకుంటూ అలిసిపోవడం. ఆఖరిదే అసలు గాయం. ఇది అర్థమయ్యాక పిల్లలు కొట్లాటని వర్ణించే తీరే మారిపోతుంది. "మైనస్ ఆరు" అనడం మానేసి "డాలు పగిలింది, మోకాలి మీద పడ్డాను" అంటారు.

కాలం సంగతీ అంతే. ఆ 1979 పుస్తకంలో ఒక రౌండు అంటే ఒక నిమిషం. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి ఆరు సెకన్లు. నిమిషం అయితే ఒక పాచిక అంటే ఒక వేటు కాదు, అటూ ఇటూ పది వేట్లు వేసుకున్నాక తేలిన ఫలితం. ఆరు సెకన్లయితే ఒకటి రెండు వేట్లు. పాచిక అదే, దాని అర్థం వేరు. రూలు చదివేటప్పుడు అది దేనికి లెక్కో ముందు తెలియాలి. అది తెలియకపోతే మార్చడం సంగతి తర్వాత, వాడడం కూడా రాదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఈ తగాదా డి అండ్ డి కంటే పాతది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్స్ అనే అధికారి యుద్ధాభ్యాసం కోసం ఒక ఆట తయారుచేశాడు. మ్యాపు, పాచికలు, నష్టాల పట్టికలు, మధ్యన ఒక అంపైరు. రూల్స్ పెరిగీ పెరిగీ ఆట నడవడమే కష్టమైపోయింది. 1876లో వెర్డీ డ్యు వెర్నువా అనే ఇంకో అధికారి, ఆ పట్టికలన్నీ పక్కన పెట్టండి, అనుభవం ఉన్న అంపైరు చెప్పిందే ఫలితం అన్నాడు. అంటే నూట యాభై ఏళ్ళ కిందటే రెండు పక్షాలు తయారయ్యాయి. పుస్తకం పెద్దదా, మనిషి పెద్దా? మన పిల్లలు ఇవాళ అడిగేది కూడా ఇదే.

ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ 1913లో లిటిల్ వార్స్ అనే పుస్తకం రాశాడు. ఆయన ఈ తగువుని భలేగా తప్పించుకున్నాడు. బొమ్మ సైనికుల మీద స్ప్రింగు ఫిరంగితో నిజంగానే కొట్టాలి. పడితే చచ్చినట్టు, పడకపోతే బతికినట్టు. ఇంక వాదన ఏముంది? కాకపోతే ఆ పద్ధతిలో మంత్రాలూ మాయలూ కుదరవు.

డి అండ్ డి అమెరికాలో 1974లో వచ్చింది, గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి చేశారు. అంతకుముందు 1971లో చైన్‌మెయిల్ అని సైన్యాల యుద్ధానికి రాసిన పుస్తకం ఉంది. కొత్త ఆటలో కొట్లాటకి ఆ పుస్తకాన్ని వాడుకోమన్నారు, కావాలంటే ఇరవై ముఖాల పాచికతో వేరే పద్ధతి కూడా ఉంది అన్నారు. జనం ఆ "వేరే పద్ధతి"నే పట్టుకున్నారు. అదే ఇవాళ్టి అసలు రూలు. మొదట్లో ఏ ఆయుధానికైనా ఒకే ఆరు ముఖాల పాచిక. బాకుతో పొడిచినా, రెండు చేతుల కత్తితో నరికినా దెబ్బ ఒకటే. 1975లో వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధంలో ఆయుధాన్ని బట్టి దెబ్బ మారింది. అంటే ఈ ఆట పుట్టడమే సవరణలతో పుట్టింది.

ఆ ఏడే, 1975లో, లండన్‌లో ముగ్గురు కుర్రాళ్ళు గేమ్స్ వర్క్‌షాప్ అని మొదలుపెట్టారు. అందులో ఇయాన్ లివింగ్‌స్టన్, స్టీవ్ జాక్సన్ ఈ ఆటని యూరప్‌కి తెప్పించి అమ్మారు. 1977లో వైట్ డ్వార్ఫ్ పత్రిక పెట్టారు. దాని తొలి సంచికల్లోనే డాన్ టర్న్‌బుల్ అనే ఆయన మాన్‌స్టర్‌మార్క్ అని ఒక లెక్క కట్టాడు. నాకు చాలా ఇష్టమైన పని అది. సూత్రధారికి ఉండే పెద్ద భయం ఏమిటంటే, ఈ రాక్షసుడు ఈ పిల్లలకి సరిజోడా, లేక అందరినీ తినేస్తాడా అని. ఆయన ఏం చేశాడంటే, ఒక మామూలు వీరుణ్ణి ఎదురుగా నిలబెట్టి, ఆ వీరుడు దాన్ని చంపేలోపు అది సగటున ఎంత దెబ్బ కొట్టగలదో గణించాడు. ఆ అంకె ఎంత పెద్దదైతే అది అంత ప్రమాదం. ఇది రాసేనాటికి ఆట వయసు మూడేళ్ళు. తర్వాత ఆయనే 1981లో ఫీండ్ ఫోలియో అనే పుస్తకానికి సంపాదకుడయ్యాడు. కొత్త పుస్తకాల్లో ప్రతి రాక్షసుడి పక్కనా ప్రమాదస్థాయి అంకె ఒకటి ఉంటుంది. ఆ ఆలోచనకి ఇక్కడ ఇంగ్లండులో అంత పాత వేరు ఉంది.

సరే, మన బల్ల దగ్గరికి వద్దాం. పుస్తకంలో లేని విషయం వస్తే ఏం చేయాలి? మా ఆటలో జరిగింది చెబుతాను. గాబ్లిన్లు మెట్లెక్కి వస్తున్నాయి. ఒక పిల్లవాడు "నా దీపంలో నూనె మెట్ల మీద పోసేస్తాను, జారి పడతాయి" అన్నాడు. అద్భుతమైన ఆలోచన. నూనె సీసా ఖరీదు ఆటలో ఒక వెండి నాణెం. మెట్ల మీద పోస్తే జారతారని పుస్తకంలో లేదు. వెంటనే మంత్రగత్తె ఆడే అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె దగ్గర గ్రీజ్ అనే మంత్రం ఉంది, పదడుగుల చదరంలో నేల జిడ్డుగా చేస్తుంది, అందులో నిలబడ్డవాళ్ళు తట్టుకోలేకపోతే పడిపోతారు. మొదటి స్థాయిలో అలాంటి మంత్రాలు ఆమెకి రోజుకి రెండే. "వాడి వెండి నాణెం, నా మంత్రం ఒకటేనా అంకుల్?" అంది.

ఇద్దరూ న్యాయంగానే మాట్లాడారు. నూనె జారదు అంటే అది అన్యాయం, ఇంట్లో నేల మీద నూనె ఒలికితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అలాగని మంత్రం అంత బలం ఇస్తే ఆ పిల్ల నేర్చుకున్న విద్యకి విలువ పోతుంది. అందుకని ఒక మెట్టు మాత్రమే తడుస్తుంది, పరిగెత్తి వచ్చేవాళ్ళే పాచిక వేయాలి, నడిచి వస్తే అక్కర్లేదు అని చెప్పాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. మొదటి గాబ్లిన్ జారింది, రెండోది చూసి నెమ్మదిగా నడిచింది. ఆలోచనకి ఫలితం దక్కింది, మంత్రానికి మర్యాద దక్కింది. పుస్తకంలో లేనిదానికి తీర్పు చెప్పేటప్పుడు పుస్తకంలో దానికి దగ్గరగా ఏముందో వెతకాలి. దానికంటే చవకగా దొరికేది దానికంటే బలహీనంగా ఉండాలి. ఇది నేను ప్రతిసారీ వాడే కొలత.

ఇంకో కొలత కూడా ఉంది. ఏ తీర్పయినా రెండు వైపులా వర్తిస్తుంది. "ఇసుక కళ్ళల్లో కొడితే వాడికి ఒక రౌండు కనబడకూడదు" అని ఒకడు పట్టుబట్టాడు. సరే, అలాగే, వచ్చే రౌండులో గాబ్లిన్లు కూడా ఇసుక కొడతాయి, అవి ఎనిమిది ఉన్నాయి, మీరు ఆరుగురు అన్నాను. బల్ల చుట్టూ ఒక క్షణం నిశ్శబ్దం. వాడే వెనక్కి తీసుకున్నాడు. పెద్దవాళ్ళం చెప్పే నీతి కంటే ఇది బాగా పనిచేస్తుంది.

ఇక రూలు మార్చడం సంగతి. ఇంగ్లీషులో హౌస్ రూల్ అంటారు, మనం ఇంటి రూలు అందాం. మనకి ఇది కొత్తేం కాదు. గల్లీ క్రికెట్‌లో గోడ దాటితే అవుట్ అని మనం పెట్టుకున్నప్పుడు లార్డ్స్‌లో ఎమ్‌సీసీకి ఉత్తరం రాశామా? వన్ పిచ్ క్యాచ్ పెట్టుకున్నామా లేదా? స్థలాన్ని బట్టి, బంతిని బట్టి, పక్కింటి వాళ్ళ కోపాన్ని బట్టి రూలు. కానీ అందరికీ తెలిసిన రూలు, టాస్ వేసే ముందే చెప్పుకున్న రూలు.

అయితే మార్పు మంచిదని అనిపించినంత మాత్రాన మంచిది కాదు. చాలా బల్లల దగ్గర ఒక సరదా రూలు ఉంటుంది. పాచిక మీద 1 పడితే తగలకపోవడమే కాదు, కత్తి జారిపోవాలి, లేదా పక్కవాడికి తగలాలి. పిల్లలకి భలే ఇష్టం, పడీ పడీ నవ్వుతారు. లెక్క చూద్దాం. 1 పడే అవకాశం నూటికి 5. ఈ ఆటలో కత్తివీరుడు ఎదిగేకొద్దీ ఒక వంతులో ఎక్కువసార్లు కొట్టగలడు. అయిదో స్థాయిలో రెండుసార్లు, పదకొండులో మూడు, ఇరవయ్యో స్థాయిలో నాలుగు. ఒక్కసారి కొట్టేవాడికి ఒక వంతులో కత్తి జారే అవకాశం నూటికి 5 అయితే, రెండుసార్లు కొట్టేవాడికి దాదాపు 10, నాలుగుసార్లు కొట్టే మహావీరుడికి 18 దాటుతుంది. అంటే ఎంత గొప్పవాడైతే అంత ఎక్కువగా కత్తి జారవిడుస్తాడు! పైగా మంత్రగత్తె వేసే మంత్రాల్లో చాలావాటికి ఆమె పాచికే వేయదు, ఎదుటివాడు తప్పించుకోవడానికి వేస్తాడు. ఆమెకి ఈ శిక్ష తగలనే తగలదు. నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాణ్ణి, ఇక్కడ ఒక లైను మారిస్తే ఎక్కడో ఇంకేదో పగులుతుందన్నది మాకు రోజూ ఉండేదే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. కత్తివీరుడు ఆడే పిల్లవాడే మొదట "ఈ రూలు వద్దు" అన్నాడు.

మంచి ఇంటి రూలుకి ఉదాహరణ కూడా చెప్పాలి. గాయానికి మందు సీసా తాగడం. 2014 పుస్తకం ప్రకారం తాగితే ఆ వంతులో ఇంక కొట్టడానికి ఉండదు. దాంతో పిల్లలు మందు సంచిలో పెట్టుకుని చచ్చిపోయేవాళ్ళు కానీ తాగేవాళ్ళు కాదు. చాలాచోట్ల జనం మార్చుకున్నారు, తాగడం చిన్న పని, తాగి కూడా కొట్టవచ్చు అని. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో అదే అసలు రూలైపోయింది. బల్లల దగ్గర జనం ఏళ్ళ తరబడి ఆడి చూసినదాన్ని పుస్తకం తీసుకుంది.

ఎవరి వంతు ముందు అన్నదానికి కూడా పాత పద్ధతి ఒకటి ఉంది. ఇప్పుడు ఒక్కొక్కరూ పాచిక వేసి వరసలో నిలబడతారు. 1981 నాటి బేసిక్ పెట్టెలో జట్టుకొకటి చొప్పున ఆరు ముఖాల పాచిక వేసేవాళ్ళు, గెలిచిన జట్టంతా ముందు ఆడుతుంది. చిన్నపిల్లలకి ఇది హాయి, తమ వంతు కోసం ఇరవై నిమిషాలు కూర్చోనక్కర్లేదు, కలిసి ఎత్తు వేసుకోవచ్చు. దీని ధర కూడా తెలుసుకోవాలి. గాబ్లిన్ల జట్టు గెలిస్తే ఎనిమిది దెబ్బలూ ఒకేసారి పడతాయి. కాబట్టి ఈ పద్ధతి పెట్టుకుంటే శత్రువుల సంఖ్య కాస్త తగ్గించాలి.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాను. చావు.

కథ మొదలుపెట్టిన రోజునే పిల్లల్ని మూడు ప్రశ్నలు అడిగాను. పాత్రలు నిజంగా చచ్చిపోవచ్చా? పడిపోయినవాళ్ళని శత్రువులు మళ్ళీ కొడతారా? నా పాచికలు తెర వెనక వేయనా, అందరి ముందూ వేయనా? రెండో ప్రశ్న చాలా ముఖ్యం. పుస్తకం ప్రకారం పడిపోయి స్పృహ లేనివాణ్ణి దగ్గర నుంచి కొట్టి తగిలిస్తే చావుకి రెండు మెట్లు దగ్గరవుతాడు, మూడు మెట్లకి పోయినట్టే. అంటే సూత్రధారి తలచుకుంటే ఎవరినైనా చంపేయవచ్చు, రూలు తప్పకుండానే. పిల్లలు అరగంట వాదించుకుని తేల్చారు. చావు ఉండాలి. పడిపోయినవాళ్ళని కొట్టకూడదు. పాచికలు అందరి ముందే వేయాలి.

కొన్ని నెలలు గడిచాయి. వంతెన దగ్గర ఓగర్ అనే రాక్షసుడితో పోరు. పుస్తకంలో దాని గద దెబ్బ సగటు 13. పదకొండేళ్ళ అమ్మాయి ఆడే విలుకత్తె వెన్నెలకి అప్పటికి మిగిలినవి 9. నా పాచిక అందరి ముందూ పడింది, తగిలింది. వెన్నెల కూలిపోయింది. అక్కడి నుంచి ఆ అమ్మాయి ప్రతి వంతులోనూ పాచిక వేయాలి. 10 గానీ పైన గానీ పడితే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందు వస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు ఓటములు ముందు వస్తే పోతుంది. లెక్క ప్రకారం నూటికి అరవైసార్లు బతుకుతారు. గెలుపు, ఓటమి, ఓటమి, గెలుపు. మందు సీసా ఉన్న కుర్రాడు ఓగర్‌ని తరిమితే చాలనుకుని ముందుకి వెళ్ళాడు. చివరి పాచిక 7.

పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళ నాన్నగారు వెనక నిలబడి చూస్తున్నారు. "చిన్నపిల్ల కదండీ, ఒక్కసారికి బతికించెయ్యండి" అన్నారు మెల్లగా. తండ్రిగా అనవలసిన మాటే అన్నారు. నేను జవాబు చెప్పేలోపే ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ అడిగింది: "అలా అయితే పోయిన నెల నేను చంపిన ట్రోల్‌ని కూడా మీరే వదిలేశారా అంకుల్?"

ఆ ప్రశ్నలోనే ఉంది అంతా. మన ఊళ్ళలో పెద్దపిల్లలు ఆడుకుంటుంటే చిన్నవాడు ఏడుస్తాడని వాణ్ణి కూడా చేర్చుకునేవాళ్ళం. వాడు అవుటైనా అవుట్ కాదు, పట్టుకున్నా లెక్కలోకి రాదు. ఆటలో అరటిపండు అనేవాళ్ళం. వాడికి మూడేళ్ళు కాబట్టి తెలియదు. పదకొండేళ్ళ పిల్లకి తెలుస్తుంది. నా ఓటమిని దొంగచాటుగా తీసేస్తే, నా గెలుపులన్నీ కూడా ఎవరో పెట్టిన భిక్షే అవుతాయని తెలుస్తుంది. ఆ ట్రోల్‌ని చంపినందుకు వారం రోజులు స్కూల్లో చెప్పుకుంది ఆ పిల్ల. దాన్ని ఆమె నుంచి లాక్కునే హక్కు నాకు లేదు. వెన్నెల చచ్చిపోయింది. పిల్లలే వంతెన పక్కన సమాధి కట్టారు. ఓగర్ వెంట పడిన కుర్రాడు తన మందు సీసాని దాని మీద పెట్టాడు, ఎవరూ చెప్పకుండానే.

అలాగని రూలు రాతిమీద చెక్కింది కాదు. తర్వాతి వారం ఆట మొదలవకముందు అందరం కూర్చున్నాం. ఒక పాచికతో నెలల శ్రమ పోవడం ఎక్కువ కాదా అని వాళ్ళే అడిగారు. 1986లో ఇక్కడ బ్రిటన్‌లో వచ్చిన వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే అనే ఆటలో ఫేట్ పాయింట్లు అని ఉన్నాయని చెప్పాను. చచ్చిపోవలసిన చోట ఒకటి ఖర్చుపెడితే ఏదో విధంగా ప్రాణం దక్కుతుంది, ఇంక అది తిరిగి రాదు. మన పిల్లలు ప్రతి పాత్రకీ కథ మొత్తానికి ఒక్కటే పెట్టుకున్నారు. ఒకడు "అయితే వెన్నెలకి కూడా ఇద్దాం" అన్నాడు. వద్దన్నది ఆ అమ్మాయే. "ఇవాళ్టి నుంచే" అంది. ఇప్పుడు వెన్నెల చెల్లెలి పాత్ర ఆడుతోంది.

రూలు మార్చడంలో తప్పు లేదు. ఎప్పుడు మార్చాం, ఎవరి కోసం మార్చాం, ఎవరికి చెప్పి మార్చాం అన్నదే ప్రశ్న. గదాయుద్ధంలో నాభికి కింద కొట్టకూడదన్నది నియమం. యుద్ధం మధ్యలో ఒక సైగతో భీముడు తొడ మీద కొట్టాడు. కారణాలు ఎన్నయినా చెప్పవచ్చు, బలరాముడు మాత్రం ఊరుకోలేదు, మనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. క్రికెట్‌లో చూడండి, 2022 సెప్టెంబరులో లార్డ్స్‌లో దీప్తి శర్మ, బంతి వేయకముందే క్రీజు దాటిన చార్లీ డీన్‌ని రనౌట్ చేసింది. రూలు ప్రకారం అవుటే. అయినా ఎంత గొడవ! ఆ తర్వాత వారంలో, అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుల్లో, ఎమ్‌సీసీ దాన్ని అన్యాయమైన ఆట అనే శీర్షిక కింద నుంచి తీసి మామూలు రనౌట్ల కిందికి మార్చింది. ఆ మార్పుని అంతకు ఆరునెలల ముందే మార్చిలో ప్రకటించారు. పుస్తకంలో రూలు ఉండడం ఒకటి, ఆడేవాళ్ళందరూ దాన్ని ఒకేలా అనుకోవడం ఇంకొకటి. రెండూ ఉంటేనే ఆట.

అందుకని మా బల్ల దగ్గర పద్ధతి ఇది. కొట్లాట మధ్యలో అనుమానం వస్తే సూత్రధారి ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు. ఎటూ తేలకపోతే పిల్లల వైపు మొగ్గుతాడు. ఆ తీర్పు పాచిక వేసే ముందే చెబుతాడు, పడ్డాక కాదు. నోటు పుస్తకంలో రాస్తాం. ఆట అయ్యాక, చిప్స్ తినేటప్పుడు, ఎవరికి నచ్చకపోయినా వాదించవచ్చు. మారిస్తే వచ్చే వారం నుంచి, అందరికీ. ఆ నోటు పుస్తకం ఇప్పుడు పన్నెండు పేజీలయింది. తెలుగూ ఇంగ్లీషూ కలిపి, పిల్లల చేతిరాతే.

ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఖరీదైన పుస్తకాలు కొననక్కర్లేదు. డి అండ్ డి ప్రాథమిక రూల్స్ ఉచితంగా దొరుకుతాయి. ఇంకా తేలిగ్గా కావాలంటే, ఇందాక చెప్పిన లివింగ్‌స్టన్, జాక్సన్ 1982లో రాసిన ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్ లైబ్రరీలో అడిగి చూడండి. ఒక్కరే ఆడుకునే కథ, మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు చాలు. మీరూ రాక్షసుడూ చెరో రెండు పాచికలు వేసి చెరో నేర్పు అంకె కలుపుతారు, ఎక్కువ వచ్చినవాడు ఎదుటివాడి బలంలోంచి 2 తీసేస్తాడు. మొదట్లో మీ నేర్పు ఒక పాచికకి 6 కలిపి తీస్తారు, అంటే 7 నుంచి 12 లోపు. మీకు 7 పడి, రాక్షసుడికి 12 ఉంటే, ఏ రౌండులోనైనా మీరు గెలిచే అవకాశం నూటికి 5 మాత్రమే. చిన్నపిల్ల అయితే మొదటి గంటలోనే పుస్తకం విసిరికొడుతుంది. అందుకని మొదలుపెట్టే ముందే "మన ఇంట్లో నేర్పు 9 కంటే తక్కువ ఉండదు" అని చెప్పుకోండి. పిల్లతో, అన్నతో, అమ్మతో, ఆడే అందరితో. 7 పడ్డాక జాలిపడి ఇంకోసారి వేయించకండి.

పిల్లలు మన దగ్గర గెలుపు అడగరు. లెక్కలో ఉండాలని అడుగుతారు. ఈ శనివారం మీ వాళ్ళు బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు పక్కన కాసేపు కూర్చుని, వాళ్ళు ఏ రూలు ఎందుకు మార్చుకున్నారో అడిగి చూడండి. చాలా చెబుతారు.